రెండు కొండల మధ్య సూర్యుడు

(విశాఖపట్నంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో ఒక డ్రాయింగ్ టీచర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకి చెప్తాను. ఉద్యోగంలో చేరింది 2001లో. పిల్లలకి బొమ్మలు ఎలా నేర్పాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సంగతికి వస్తాను. ముందు నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే నా మాటలకి బలం ఉండదు. డ్రాయింగ్ టీచర్ ఇంటికి వెళ్లాక తన కోసం బొమ్మ వేసుకుంటుందా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను అడగడానికీ చాలా ఏళ్లు పట్టింది.

మీరందరూ ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. చిన్నప్పుడు మీరు వేసిన ‘సీనరీ’ గుర్తు తెచ్చుకోండి. రెండు కొండలు. మధ్యలో సగం సూర్యుడు, చుట్టూ గీతలు గీతలుగా కిరణాలు. కొండల మధ్య నుంచి వంకరలు తిరుగుతూ కిందికొచ్చే ఏరు. పక్కన గుడిసె, ఒక కొబ్బరి చెట్టు, పైన నాలుగు పిట్టలు. అందరికీ ఇదే వచ్చింది కదా? నవ్వుతున్నారంటే వచ్చినట్టే.

ఇప్పుడు చెప్పండి. మన ఊళ్లో సూర్యుడు ఎక్కడ పొడుస్తాడు? సముద్రంలోంచి. తూర్పున అంతా నీళ్లే. కొండల్లోకి దిగేది సాయంత్రం, సింహాచలం వైపు. మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. జాలరిపేట నుంచి వచ్చే పిల్లలైతే తెల్లారేసరికి పడవల దగ్గరే ఉంటారు. నీళ్లలోంచి ఎర్రగా పైకొచ్చే సూర్యుణ్ణి రోజూ చూసే ఆ పిల్లలు, కాగితం చేతికివ్వగానే రెండు కొండలు గీసి మధ్యలో సూర్యుణ్ణి పెడతారు. కింద ‘ఉదయం’ అని రాస్తారు. వాళ్లు కళ్లారా చూసిన పొద్దు ఎక్కడికి పోయింది? నేను చెరిపేశాను. బోర్డు మీద రెండు కొండలు గీసి ‘ఇలాగే వెయ్యండి’ అన్నది నేను. ఎన్ని వందల సార్లు గీశానో లెక్కలేదు. సుద్దముక్క పట్టుకుంటే అర నిమిషంలో అయిపోయేది. చెయ్యి గీస్తూనే ఉండేది, మనసు ఇంకెక్కడో ఉండేది.

నేను పుట్టి పెరిగింది షిప్‌యార్డు పక్కన సింధియాలో. మా నాన్న షిప్‌యార్డులో పెయింటరు, ఓడలకి రంగులు వేసేవాడు. 1948లో నెహ్రూ గారు వచ్చి ‘జల ఉష’ అనే ఓడని నీళ్లలోకి పంపింది ఆ యార్డు నుంచే. అప్పటికి నాన్నకి ఆరేళ్లు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు తనే దగ్గరుండి పంపినంత గర్వంగా చెప్పేవాడు. ఇనుప రేకుని గీకి, తుప్పు వదిలించి, దాని మీద మొదట కొట్టేది రెడ్ ఆక్సైడ్. సాయంత్రం ఇంటికొచ్చి గుడ్డని కిరసనాయిల్లో తడిపి చేతులు తుడుచుకునేవాడు. వేళ్ల మీది రంగు పోయేది, గోళ్ల మూలల్లోది పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేవాడు. నేను ఎరిగిన మొదటి రంగు అది.

అమ్మకి ముగ్గుల పుస్తకం ఉండేది. పాత లెక్కల నోటుబుక్కు. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని పైన రాసి, కింద ముగ్గు వేసుకునేది. ధనుర్మాసం వచ్చిందంటే చీకటితోనే లేచి, వేళ్ల సందుల్లోంచి పిండి వదులుతూ ఒక్క చుక్క కూడా తప్పకుండా గీత లాక్కుపోయేది. నేను పక్కన లాంతరు పట్టుకుని నిలబడేదాన్ని. ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చి గీత కలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించేది.

చందమామ అట్టల మీద ‘వ.పా.’ అని సంతకం చూసి ఉంటారు. వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి పక్కన కశింకోటలో ఉన్నారు. మనవాడు, మన నేల మీది మనిషి. ఆయన వేసిన స్త్రీల చేతివేళ్లు చూసి చూసి, నోటుబుక్కు నిండా వేళ్లే వేసేదాన్ని. తర్వాత డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు పాసయ్యాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివాను. పెళ్లి, ఉద్యోగం, పాప.

ఉద్యోగంలో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. చార్టులు, వెల్‌కం బోర్డులు, వార్షికోత్సవానికి థర్మకోల్ అక్షరాలు, సైన్స్ ఫెయిర్ వస్తే అందరి పిల్లల మోడల్సుకీ రంగులు. పరీక్షలు దగ్గరపడితే డ్రాయింగ్ పీరియడు లెక్కలకి వెళ్లిపోతుంది. నేను పనిచేసిన ఒక బడిలో ప్రిన్సిపాల్ ‘మీరు ఖాళీగానే ఉంటారు కదమ్మా’ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరిగా నేర్పాలని చెప్పింది. ఆ మాట మన టైంటేబుళ్లలోకి వచ్చే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

నన్ను దెబ్బతీసింది మాత్రం ఈ చాకిరీ ఒక్కటే అనను. రోజంతా కత్తెర, రంగు, కాగితాల మధ్యే ఉంటున్నాను కాబట్టి నేను బొమ్మలు వేస్తూనే ఉన్నానని నమ్మాను. అదీ అసలు దెబ్బ. అన్నం వండుతూ వండుతూ తిన్నాననుకున్న మనిషిలా అయిపోయాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఈ తేదీ ఈ హాల్లో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. హుద్‌హుద్ తుపాను. మేం చినవాల్తేరులో ఉండేవాళ్లం, మేడ మీద ఒక రేకుల గది. మధ్యాహ్నానికల్లా ఆ రేకులు ఎటు ఎగిరిపోయాయో తెలీదు. గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు తర్వాత. మర్నాడు పైకెక్కి చూస్తే కైలాసగిరి మీద పచ్చదనం లేదు, కొండ మొత్తం మంటకి మాడినట్టు గోధుమ రంగులో ఉంది. ఆ గదిలో నా ట్రంకు పెట్టె ఉంది. దాన్లోకి నీళ్లు దిగిపోయాయి. కాలేజీ నాటి నుంచి వేసిన బొమ్మలన్నీ అందులోనే.

ఒక్కో కాగితం విడదీసి మేడ మీద పరిచాను, ఎగిరిపోకుండా మూలల మీద రాళ్లు పెట్టి. పోస్టర్ కలర్లు కరిగి ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. పెన్సిల్‌తో వేసినవి మాత్రం చెక్కుచెదరలేదు. బొమ్మ కింద మూలన తేదీ రాసే అలవాటు నాకు. పరుస్తూ పరుస్తూ తేదీలు చూస్తున్నాను. 1994, 95, 95, 97. పెళ్లయ్యాక కొన్ని. చివరి కాగితం మీద నిద్రపోతున్న మా పాప చెయ్యి. పిడికిలి అయ్యింది, మణికట్టు దగ్గర ఆగిపోయింది. కింద 2003 మార్చి.

పెట్టెలో ఇంకేమైనా ఉన్నాయేమోనని చెయ్యి పెట్టి తడిమాను. అడుగు రేకు తగిలింది. తడిసి పాడైన వాటికి ఏడవలేదు నేను. తడవడానికి కూడా ఏమీ లేని పదకొండేళ్లకి ఏడ్చాను.

బడి తెరిచిన రోజు నాలుగో తరగతిలో నా పీరియడు. కరెంటు లేదు. బోర్డున్న గోడకి పైనుంచి నీళ్లు కారుతున్నాయి, సుద్ద పట్టదు. పిల్లల డ్రాయింగ్ పుస్తకాలు తడిసిపోయాయి. ఆఫీసులోంచి ఒకవైపు వాడేసిన కాగితాలు తెచ్చి ముప్పై ఎనిమిది మందికీ పంచాను. బోర్డు మీద వేసి చూపించే దారి లేదు కాబట్టి ‘మీ ఇష్టం వచ్చింది వెయ్యండి నాన్నా’ అన్నాను. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేక నేనూ ఒక కాగితం తీసుకుని, పిల్లల బెంచీ మీదే చివర కూర్చున్నాను. కిటికీలోంచి బాదం చెట్టు కనపడుతోంది, పడిపోయింది. వేళ్లు మట్టితో సహా పైకి లేచి ఉన్నాయి. ఆ వేళ్లు వెయ్యడం మొదలుపెట్టాను.

రాలేదు. పదకొండేళ్లు బోర్డు మీద కొబ్బరి చెట్టు వేసిన చేతికి బాదం వేరు రాలేదు. గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. పక్కనున్న పిల్లాడు కాసేపు చూసి ‘టీచర్, మీకూ హోంవర్కు ఇచ్చారా?’ అన్నాడు. వెనక బెంచీ పాప లేచి వచ్చి, నా కాగితం మీద రబ్బరు పొట్టుని వేలితో ముట్టుకుని, ‘మీరు కూడా రబ్బరు వాడతారా టీచర్?’ అంది.

ఆ పిల్ల ఆశ్చర్యం నాకు రాత్రికి గానీ అర్థం కాలేదు. వాళ్లు నన్నెప్పుడూ అర నిమిషంలో తప్పు లేకుండా గీసే మనిషిగానే చూశారు. పెద్దవాళ్లు ఒక వస్తువుని చూడ్డం, తడబడ్డం, చెరపడం, మళ్లీ చూడ్డం వాళ్లకి ఎవరూ చూపించలేదు.

ఒకటో తరగతి పిల్లలు రబ్బరు అడగరు, గమనించారా? ఇంటి కంటే పెద్ద పువ్వు వేసి గర్వంగా ఎత్తి చూపిస్తారు. నాలుగో తరగతికి వచ్చేసరికి కాగితం చిల్లు పడేదాకా రుద్దుతారు. అరచేయి అడ్డం పెట్టుకుని వేస్తారు. ‘నాకు డ్రాయింగ్ రాదు టీచర్’ అనే మాట పుట్టేది ఆ వయసులోనే. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అని ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన, పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో 1947లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశారు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకి తాము వేసింది నిజంగా ఉన్నట్టు కనపడాలన్న కోరిక మొదలవుతుందంటారు ఆయన. కోరిక ముందు పుడుతుంది, చెయ్యి తర్వాత గానీ అందుకోదు. ఆ సందులోనే చాలామంది పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. సరిగ్గా ఆ వయసులో మనం బోర్డు మీద తప్పులేని బొమ్మ పెట్టి, పక్కనే వాళ్ల బొమ్మ పెట్టుకుని చూసుకోమంటున్నాం.

చెరపడం గురించి ఇంకో ముచ్చట. రవీంద్రనాథ్ ఠాగూర్ గారు బొమ్మల్లోకి దిగింది అరవై దాటాక. ఎలా దిగారో తెలుసా? పద్యాలు రాస్తూ నచ్చని మాటలు కొట్టేసేవారు. ఆ కొట్టివేతలు ఆయన కంటికి వికారంగా కనపడేవి. ఒక కొట్టివేతని ఇంకోదానితో గీత వేసి కలిపారు. ముక్కు వచ్చింది, రెక్క వచ్చింది, ఏదో జంతువు లేచి కూర్చుంది. అలా మొదలైన మనిషి రెండు వేలకి పైగా బొమ్మలు వేశారు. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. మా నాలుగో తరగతి పిల్లలకి నేను ఏటా ఈ కథ చెప్తాను. విన్న రోజు కావాలని పిచ్చిగీతలు గీసి తెస్తారు. ఆ రోజంటే నాకు ఎంతో ఇష్టం.

అన్నట్టు, ఆ హుద్‌హుద్ కాగితాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అడ్డంగా పడుకున్న చెట్లు, వంగి దండం పెడుతున్న కరెంటు స్తంభాలు, నీళ్ల బిందెల వరస. జాలరిపేట పిల్లాడొకడు సముద్రాన్ని ఇంటి కప్పు కంటే పైన వేశాడు. రెండు కొండల మధ్య సూర్యుడు ఒక్క కాగితంలోనూ లేడు.

అప్పటి నుంచి బోర్డు మీద బొమ్మ వేసి చూపించడం మానేశాను. పీరియడు మొదట్లో పది నిమిషాలు నేనూ వాళ్ల మధ్య కూర్చుని నా బొమ్మ వేసుకుంటాను. వస్తారు, చూస్తారు, వెళ్తారు. తర్వాత లేచి వాళ్ల దగ్గరికి తిరుగుతాను. మొదటి ఏడాది తల్లిదండ్రులు వచ్చి అడిగారు, ‘టీచర్ బోర్డు మీద ఏమీ వెయ్యట్లేదట’ అని. వాళ్ల తప్పేం లేదు, ఇంటికొచ్చిన పుస్తకంలో చక్కటి గుడిసె కనపడ్డం మానేసింది మరి. ఓపిగ్గా ఒక్కొక్కరికీ చెప్పాను. అచ్చు గీతల్లో రంగులు నింపే పోటీలకి పిల్లల్ని పంపడం కూడా ఆపేశాను. ఇన్ని చేసినా కొందరు రెండు కొండలే వేస్తారు. వెయ్యనిస్తాను. ‘నువ్వు ఏ కొండ చూశావు?’ అని మాత్రం అడుగుతాను. ఒక పాప ‘యారాడ కొండ’ అంది, మర్నాడు దాని మీద లైట్‌హౌస్ వేసుకొచ్చింది.

‘పిల్లలే నాకు స్ఫూర్తి’ అని చాలామంది టీచర్లు అంటారు. నేను ఆ మాట అనలేను. పిల్లలంటే నాకు ప్రాణం. కానీ వాళ్ల పెన్సిళ్లు చెక్కి, ఒలికిన రంగునీళ్లు తుడిచి, ఏడ్చినవాణ్ణి ఊరుకోబెట్టి ఇంటికొచ్చేసరికి నాలో బొమ్మకి కావలసింది ఏమీ మిగలదు. మిగులుతుందని పదకొండేళ్లు ఎదురుచూశాను. అందుకే ఇప్పుడు బడి తినకముందే నా వాటా నేను తీసుకుంటాను. నాలుగున్నరకి లేస్తాను. పాలప్యాకెట్ వచ్చేదాకా, దగ్గర దగ్గర నలభై నిమిషాలు, నా బొమ్మ. ఆదివారం పొద్దున్న ఫిషింగ్ హార్బరుకో జాలరిపేట ఒడ్డుకో పోతాను. ఆ పుస్తకాలు బడికి తీసుకెళ్లను. ఫోన్లో పెట్టను. ఎవరికీ అమ్మను. పాఠానికి పనికొస్తుందా అని చూసుకోని బొమ్మలు నాకు అవే.

నాకు చిక్కనిది సముద్రం రంగు. పిల్లలు డబ్బాలోంచి నీలం తీసి రుద్దేస్తారు, నేనూ అంతే చేసేదాన్ని. కూర్చుని చూస్తే, వానల తర్వాత ఒడ్డు దగ్గర అది టీ రంగు. ఎండపొద్దున డాల్ఫిన్స్ నోస్ కొండ కింద ఆకుపచ్చ. సూర్యుడు రాకముందు సీసం రంగు. ఆ సీసం రంగు కోసం నలుపూ తెలుపూ కలిపాను, సిమెంటులా చచ్చిపోయింది. కొన్నాళ్లు వదిలేశాను.

మా వీధిలో ఒక ఇంటికి పునాదులు తీశారు. గుట్టగా పోసిన మట్టి ఎంత ఎర్రగా ఉందంటే, ఒక బకెట్టు అడిగి తెచ్చుకున్నాను. నీళ్లు పోసి కలిపి పది లెక్కపెడితే ఇసక అడుక్కి దిగుతుంది. పైనున్న ఎర్ర నీళ్లని ఇంకో గిన్నెలోకి వంచాలి. కాసేపు ఆగి మూడో గిన్నెలోకి. దాన్ని రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకి పైన తేట నీళ్లు, అడుగున వెన్నలాంటి మట్టి. ఎండితే పెచ్చులుగా లేస్తుంది. తుమ్మబంక నానబెట్టిన నీళ్లు పోసి సన్నికల్లు మీద నూరాలి. ఒక్క ఇసక రేణువున్నా పొత్రం కింద కరకరమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా నూరాలి. రెండు చుక్కలు తేనె వేస్తే ఎండాక పగలదు.

నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు, ఎనభై దాటాయి. చప్పుడు విని కర్ర ఊతంతో వచ్చి సన్నికల్లు వైపు చూశాడు. ‘ఏటమ్మా, మా యార్డు రంగు ఇంట్లోకి తెచ్చీసినావేటి?’ అన్నాడు. నిజమే. మట్టిలో ఆ ఎరుపు ఇనుము వల్ల వస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఎరుపూ అదే. (అక్కడి మట్టి మాత్రం పిడికెడు కూడా తీయకండి, అది కాపాడుకోవలసిన చోటు.) నాన్న ఓడలకి కొట్టిన రెడ్ ఆక్సైడూ అదే, ఇనుము తుప్పే. తుప్పు వదిలించి, తుప్పు రంగే పూసి, కొత్త తుప్పు పట్టకుండా కాపాడ్డం ఆయన పని. పక్కన కూర్చుని వెడల్పు బ్రష్ అందుకున్నాడు. గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి అది. కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగు లాగాడు. దాని అంచు తడి ఆరకముందే రెండోది. ఎక్కడా బ్రష్ జాడ లేదు, అతుకు లేదు. ‘తడి అంచు వదలకూడదమ్మా’ అన్నాడు. కాలేజీలో నాలుగేళ్లు నేర్చుకున్నా ఆ పూత నా చేతికి రాలేదు. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను.

ఆ ఎర్రమట్టిని అల్ట్రామెరీన్ నీలంలో బ్రష్ కొసతో తాకించి కలిపి చూశాను. నీలం చల్లారింది. తెల్లవారుజాము సముద్రం, అదే సీసం రంగు, లోపల ప్రాణంతో. ఇప్పుడు వేస్తున్న బొమ్మ అదే. అల వెనక్కి పోయాక తడి ఇసక ఒక్క క్షణం అద్దంలా ఉంటుంది చూడండి, ఆ క్షణం దగ్గర ఆగిపోయి ఉన్నాను. సూర్యుణ్ణి ఇంకా పెట్టలేదు.

ఆ ఎర్రమట్టి రంగు ఈ చిన్న సీసాలో తెచ్చాను. ముందు వరస నుంచి అందరికీ పంపుతాను. మూత తీసి వాసన చూడండి, తొలకరి వాసన వస్తుంది. చీర అంచుకి గానీ చొక్కాకి గానీ అంటకుండా చూసుకోండి, అంటితే పోదు. చివరి వరసవాళ్లు మూత గట్టిగా బిగించి నాకు తిరిగి పంపండి. రేపు పొద్దున్నకి కావాలి.